నలభయ్యో పేరు

ఈ బడిలో మధ్యాహ్నం అన్నం వండేది నేను. హాజరు వేశాక టీచరు వచ్చి ఇవాళ ఎంతమందో చెబుతుంది గానీ, ఆమె చెప్పేలోపే నాకు తెలిసిపోతుంది. వరండా మెట్ల దగ్గర చెప్పుల జతలు చూస్తే చాలు. ఇవాళ పద్దెనిమిది. మా ఊళ్లో పిల్లలు లేక కాదు. పొద్దున్నే పసుపుపచ్చ బస్సు వచ్చి, టై కట్టుకున్న వాళ్లనందరినీ తిరువూరు పట్టుకుపోతుంది. మిగిలినవాళ్లు మా వాళ్లు.

మొన్న టీచరు పిల్లల్ని చేర్చుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతానంటే నేనూ వెంట వెళ్లాను. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో, ఎవరు ఏ ఈడు వాళ్లో ఆమె కాగితంలో కంటే నా నోట్లో ఎక్కువ ఉంటుంది. పెద్దింటి వెనక సందులో నడుస్తుంటే ఆమె అడిగింది. "అమ్మమ్మా, ఈ బడి ఎప్పుడైనా పిల్లలతో నిండిందా?"

"నిండింది. నలభై మందితో నిండింది. ఆ నలభయ్యో పిల్లని తెచ్చింది నేనే" అన్నాను.

ఆమె నవ్వింది. నమ్మలేదు. అందుకే చెబుతున్నాను, ఆమె రాసుకుంటోంది. నా చదువు మూడో తరగతి. కూడబలుక్కుని చదువుతాను, సంతకం పెడతాను. అంతకు మించి రాయడం రాదు. చెప్పడానికి మాత్రం నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. గొంతు బొంగురు, అంతే.

అప్పటి బడి ఇది కాదు. ఊరికీ, ఊరి బయట మా పల్లెకీ మధ్య బండ్లు పోయే పుంత ఉండేది, ఆ పుంత పక్కన పెంకుల కొట్టం. కింద మట్టి అలుకు. బొగ్గూ దొండాకూ కలిపి పలకలకు రుద్దుకునేవాళ్లం, ఆ పసరు వాసన చేతుల్ని పట్టుకుని అన్నం తినేటప్పుడు కూడా వచ్చేది. వాన పడితే పెంకుల సందుల్లోంచి కారేది. రైతుల పిల్లలు కిటికీ వైపు కూర్చునేవాళ్లు, పల్లె పిల్లలం తలుపు వైపు, తండా నుంచి వచ్చే ముగ్గురూ మధ్యలో. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అలా కూర్చోవద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

పదకొండింటికి ఉప్మా ఉడికే వాసన వచ్చేది. సర్కారు వాళ్లిచ్చిన పచ్చటి రవ్వ, ఏదో డబ్బా నూనె. మా ఇంట్లో పొద్దున పూట గంజీ, ఉల్లిపాయే. అందుకని ఆ వాసన తగలగానే లెక్కలు తప్పేవి. పాలపొడి సంచి ఒక మూల ఉండేది. పెద్దసారు అటు తిరిగితే పిడికెడు నోట్లో కొట్టుకునేవాళ్లం. అది అంగిలికి అతుక్కుపోయేది. ఆ సమయానికే సారు ఎక్కం అప్పజెప్పమంటే నోరు తెరిచి తెల్లగా పొగ వదిలిన పిల్లలు నాకు ఇప్పటికీ గుర్తు. అందులో నేనూ ఉన్నాను.

పెద్దసారు ఊళ్లోనే ఉండేవాడు. మంచివాడే, కానీ బెత్తం ఆయన చేతికి ఆరో వేలులా ఉండేది. మాకు ప్రాణం చిన్న టీచరమ్మ. తిరువూరు నుంచి బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, మైలు దూరం గొడుగేసుకుని నడిచి వచ్చేది. ఆడపిల్లల తలలు దువ్వేది, పేలు చూసేది, జడ వేసి గాని పలక ఇచ్చేది కాదు. ఆమె దగ్గర కొబ్బరినూనె, కనకాంబరాల వాసన కాదు గానీ ఏదో శుభ్రమైన సబ్బు వాసన. ఆమె ఉందనే ఆడపిల్లల్ని బడికి పంపేవాళ్లు. "మగ సారు ఒక్కడే ఉంటే మా పిల్లని పంపం" అని పల్లెలో అందరూ ఒకటే మాట.

ఆ ఏడాది వానాకాలంలో పెద్దసారు మా చర్చి అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లతో చెప్పాడు. నలభై మంది పిల్లలుంటేనే రెండో టీచరు ఉంటుందట. తగ్గితే ఆమెను వేరే ఊరు వేస్తారట. చూడడానికి ఇన్‌స్పెక్టరు వస్తాడట. ఆ మాట విన్నాక నేను ప్రతి రోజూ తలలు లెక్కపెట్టేదాన్ని. నాకు ఇరవై దాకానే వచ్చు, అందుకని రెండుసార్లు లెక్కపెట్టేదాన్ని.

ఇక్కడ నా పేర్ల సంగతి చెప్పాలి. నాకు రెండు పేర్లు. ఒకటి మా నానమ్మ పెట్టింది. రెండోది బాప్తిస్మం రోజు పాస్టరు గారు పెట్టింది. మా నాన్నకూ అంతే, రెండు. మా పల్లెలో ఇంటికొకరైనా అలా ఉండేవాళ్లు. నానమ్మ ఆదివారం చర్చికి వచ్చేది, నెమలి ఊరి గుడి తిరునాళ్లకూ వెళ్లేది. ఎవరైనా అడిగితే "ఆయన్ని చూసొచ్చానని ఈయన అన్నం పెట్టడం మానడు లేవే" అనేది.

బడిలో చేర్చుకునే రోజుల్లో నానమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. అప్పుడు పుట్టినరోజు కాగితాలేం లేవు. కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి అందితే బడి ఈడు వచ్చినట్టు. నాకు అందింది. నానమ్మ తను పెట్టిన పేరూ, మా నాన్నను తను పిలిచే పేరూ చెప్పింది. సారు రాసుకున్నాడు. ఆ తర్వాత వారం పాస్టరు గారు మంచి మనసుతో పల్లె పిల్లల పేర్లన్నీ కాగితం మీద రాసి పంపాడు. అందులో నా చర్చి పేరు, నాన్న చర్చి పేరు ఉన్నాయి. మిగతా వాళ్లకు ఏదో ఒక పేరు కలిసింది, నాకు మాత్రం పిల్ల పేరూ వేరే, తండ్రి పేరూ వేరే. సారు ఇంకో పిల్ల అనుకుని అది కూడా ఎక్కించేశాడు.

రోజూ హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు వచ్చేది. ఎవరూ పలికేవాళ్లు కాదు. నాకు తెలుసు అది నాదేనని. కానీ ఒకసారి పలికాను కదా, మళ్లీ ఎందుకు పలకాలి అనుకున్నాను. పైగా చర్చి పేరు చర్చికే, ఆదివారం గౌను ఆదివారానికే ఉన్నట్టు. సగం మంది పిల్లలు వినగడప వైపు నాట్లకని, కలుపులకని అమ్మానాన్నల వెంట పోతూ ఉండేవాళ్లు. ఆ పిల్లా అలాగే పోయి ఉంటుందని టీచరమ్మ అనుకుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ముందు ఆదివారం పాస్టరు గారు ప్రార్థన అయ్యాక గట్టిగా చెప్పాడు, ఒక్క పిల్ల కూడా మానకూడదని. పనికి పోయిన వాళ్లను కూడా వెనక్కి పిలిపించారు. ఆ రోజు నేను చెల్లిని చంకనేసుకుని వెళ్లాను. దాన్ని ఎత్తుకోవడం నా పని, అమ్మా నాన్నా కూలికి వెళ్లేవాళ్లు, నానమ్మ పురుళ్లు పోయడానికి వెళ్లేది. చెల్లి నా ఒళ్లో పడుకుంది.

ఇన్‌స్పెక్టరు లావుపాటి మనిషి, నుదుటి మీద చెమట, చేతిలో తువ్వాలు. ఒక్కొక్క పేరూ ఆయనే పిలిచాడు. పిలిచిన వాళ్లు లేచి "ప్రెజెంట్ సార్" అనాలి. నానమ్మ పెట్టిన పేరు పిలిచాడు, లేచాను, అన్నాను, కూర్చున్నాను. ఇంకో పదిమంది తర్వాత చర్చి పేరు వచ్చింది. ఎవరూ లేవలేదు.

"ఈ పిల్ల రాలేదా?" అన్నాడు ఆయన.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "పల్లెలో పిల్లేనండి. పనులకు పోయి ఉంటుంది. రేపు నేనే ఇంటికెళ్లి తీసుకొస్తాను."

"ఇల్లెక్కడో చెప్పండి, పోయేటప్పుడు నేనే చూసి పోతాను."

నాకు భయమేసింది. మా ఇంటికి వస్తే ఎవరూ ఉండరు, రాని పిల్లని కొడతారేమో, ఆ పిల్ల నేనే కదా అనుకున్నాను. చెల్లిని భుజాన వేసుకుని లేచి నిలబడ్డాను.

"వచ్చిందండి. ఆ పిల్లా నేనేనండి."

కిటికీ వైపు వాళ్లు పగలబడి నవ్వారు. "రెండు పేర్ల పిల్లరా" అన్నాడు ఒకడు. టీచరమ్మ నవ్వలేదు. ఆమె నేల వైపు చూస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేశానో.

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టాడు. "అయితే ముప్పై తొమ్మిది."

పెద్దసారు నా దగ్గరికి వచ్చి చెల్లిని చూశాడు. "దీన్ని రాద్దామండి, ఈడుకి చిన్నగా కనిపిస్తుందంతే" అని దాన్ని లేపి నిలబెట్టి, చెయ్యి తల మీదుగా వేశాడు. చెల్లి చెయ్యి నడినెత్తి దాకా వచ్చి ఆగిపోయింది. అది ఆ చేత్తో తల గోక్కుని ఏడుపు లంకించుకుంది. ఇన్‌స్పెక్టరుకే నవ్వొచ్చింది.

"మాస్టారూ, నేనేం రాక్షసుడిని కాదు. నాలుగున్నర బస్సు దాకా ఇక్కడే కూర్చుంటాను. ఈ ఊళ్లో బడి ఈడు పిల్ల ఇంకొకత్తె ఉంటే తీసుకురండి, రాసుకుంటాను. లేని పిల్లని మాత్రం రాయను."

"ఉన్నవాళ్లందర్నీ రాసేశానండి" అన్నాడు పెద్దసారు. ఆయన గొంతులో ఓపిక అయిపోయింది.

అందర్నీ రాయలేదు. అది నాకు తెలుసు. పెద్దింట్లో ఒక పిల్ల ఉంది. రైతుల్లో పెద్ద కుటుంబం, యాభై చెట్ల మామిడి తోట ఉన్న ఇల్లు. ఆ పిల్లకు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. అందుకని గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. ఆ ఇంటి వెనక గోడలో ఒక రాయి ఊడిన బెజ్జం ఉండేది. నేను గడ్డికి వెళ్లినప్పుడు అందులోంచి సీమచింతకాయలు ఇచ్చేదాన్ని, ఆమె ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు ఇచ్చేది. మామిడికాయలు అయిపోయిన రోజుల్లో ఊరగాయ ముక్క ఇచ్చేది. మా వేళ్లు తగిలేవి, ముఖాలు ఎప్పుడూ పూర్తిగా కనిపించేవి కాదు. నేను బడిలో నేర్చుకున్న అక్షరాన్ని ఆ బెజ్జంలోంచి ఆమె అరచేతి మీద వేలితో రాసేదాన్ని. అలా ఆమెకు అచ్చులన్నీ వచ్చు.

చెల్లిని టీచరమ్మ ఒళ్లో పడేసి, అడక్కుండానే పరిగెత్తాను.

పెద్దింటి ముంగిట్లో ఆ పిల్ల మామ్మగారు కూర్చుని అప్పడాలు ఆరబెడుతోంది. నేను గేటు బయటే ఆగాను. మేం అక్కడిదాకే రావాలి.

"ఏమే, గడ్డి కావాలా?" అంది ఆవిడ తలెత్తకుండా.

"కాదండి అమ్మగారూ. మీ అమ్మాయి గారు కావాలి. బడికి."

అప్పడం ఆవిడ చేతిలోనే ఆగిపోయింది. "ఎవరు పంపారే నిన్ను?"

"ఎవరూ పంపలేదండి. ఒక్క పిల్ల తక్కువైంది. మీ అమ్మాయి గారు రాకపోతే టీచరమ్మ వెళ్లిపోద్ది."

"బాగుంది. టీచరమ్మ కోసం మా పిల్లని నలుగురిలో నడిపించి నవ్వులపాలు చేయమంటావా? పైగా మీ పిల్లల పక్కన కూర్చోబెట్టమంటావా?"

"పక్కన వద్దులెండి. ముందు కూర్చోబెడతాం" అన్నాను. నేను ఎగతాళికి అనలేదు. ఆవిడ మాత్రం అప్పడాల కర్ర అందుకుంది.

అంతలో వెనక నుంచి మా నానమ్మ గొంతు. పురుడు పోసి వస్తూ దారిలో నన్ను చూసిందట. ఆమె కూడా గేటు బయటే నిలబడింది. విషయం నేను నాలుగు ముక్కల్లో చెప్పాను. నానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మెల్లగా, పనిలో ఉన్నప్పటి గొంతుతో మాట్లాడింది.

"అమ్మగారూ, మీ మనవరాలు భూమ్మీద పడ్డప్పుడు మొదట పట్టుకున్నది ఈ చేతులే. అడ్డం తిరిగితే తిప్పింది ఈ చేతులే. ఆ వేళ లోపలికి రమ్మని మీరే గేటు తీశారు. ఆ పిల్లకు అప్పుడు లేని అంటు ఇప్పుడు పలకల దగ్గర వస్తదాండి?"

"పురుడు వేరు, బడి వేరు" అంది ఆవిడ. కానీ కర్ర కింద పెట్టింది.

"వేరే అండి. పురుడు ఒక పూటలో అయిపోద్ది. కాలు బాగోని ఆడపిల్ల బతకడానికి చాలా ఏళ్లు పడతది. మీరూ నేనూ అన్నేళ్లుంటామా?"

ఆవిడ అప్పడాల మీద వాలిన ఈగను తోలింది. అప్పుడు లోపలి నుంచి, గోడ పట్టుకుని, ఆ పిల్ల గడప దాటి వచ్చింది. మొదటిసారి ఆమె ముఖం మొత్తం చూశాను. నేననుకున్నంత తెల్లగా లేదు. మాట మాత్రం గోడ వెనక మాటే.

"మామ్మా, నా చెప్పులు ఎక్కడ దాచావు?" అంది.

ఆవిడ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. లేచి, లోపలికి వెళ్లి, చెప్పులు తెచ్చింది. ఎప్పుడూ మట్టి అంటని చెప్పులవి.

పుంత వెంట నడిచాం. మామ్మగారు ముందు, ఆ పిల్లా నేనూ వెనక, అందరికంటే వెనక నానమ్మ. ఆ పిల్ల మూడడుగులకోసారి ఆగేది. రాత్రి వాన కురిసి బండి చాళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక చాలు దగ్గర ఆమె జారబోయి నా భుజం పట్టుకుంది. ముందున్న మామ్మగారు వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి తియ్యమంటుందనుకున్నాను. "జాగ్రత్తగా పట్టుకోవే" అంది నాతో. రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. అది నాలుగున్నర బస్సే.

బడికి చేరేసరికి ఇన్‌స్పెక్టరు కుర్చీలోనే ఉన్నాడు. బస్సు పోయింది, ఆయన పోలేదు. ఆ పిల్లని చూసి కుర్చీ తనే జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఎవరూ అడక్కుండానే కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకుంది. చెవి దాటి చెంప దాకా వచ్చింది చెయ్యి.

"ఈ పిల్లకు బడి ఈడు వచ్చి మూడేళ్లయింది కదమ్మా" అన్నాడాయన మామ్మగారితో. ఆవిడ అటు తిరిగి పెంకుల వైపు చూసింది.

పేరు రాశారు. నలభై. టీచరమ్మ మా చెల్లిని ఎత్తుకునే ఉంది, దాని ముఖం తన కొంగుతోనే తుడుస్తోంది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు చాలింది.

ఇక నా రెండు పేర్లలో ఒకటి కొట్టేయాలి. పాస్టరు గారు ఏమనుకుంటారో అని పెద్దసారు నసిగాడు. మా నానమ్మను అడిగారు.

"దాన్ని ఏ పేరు పెట్టి పిలిచినా అన్నానికి వస్తదండి. మీకేది వీలైతే అది ఉంచుకోండి" అంది నానమ్మ.

రేపు సర్కారు హాస్టల్లో సీటు కావాలంటే నానమ్మ పెట్టిన పేరే పనికొస్తుందని సారు అన్నాడు. అదే ఉంచారు. మతం అన్న గడిలో ఏం రాశాడో అప్పుడు నాకు తెలియదు. హిందూ అని రాశాడని తర్వాత తెలిసింది. ఆదివారం మేం ఎక్కడ కూర్చుంటామో ఆ గడికి తెలియదు, అంతే. మా పల్లెలో అందరి గడులూ అలాగే ఉండేవి. దాని మీద ఎవరితోనూ నేను పోట్లాడలేదు, తలవంచుకోనూ లేదు.

మర్నాడు ఆ పిల్ల పీట తెచ్చుకుంది, ఇంట్లో వాళ్లు పెట్టిన షరతు. కిటికీ వైపూ కాదు, తలుపు వైపూ కాదు, పీట ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియలేదు. టీచరమ్మ నా పక్కన వేయించింది. నాలుగో రోజుకి పీట మీద మా పలకలున్నాయి, మేమిద్దరం నేల మీద ఉన్నాం. ఆమెను చూసి రైతుల ఇళ్ల నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు.

ఆమెకు పాలపొడి దొంగతనం నేర్పింది నేనే. పీట మీద నిలబడితే సంచి బాగా అందేది.

మూడో తరగతిలో ఉండగా నానమ్మ కట్లేరు గట్టున జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మంచం మీద నుంచి లేవలేదు. చెల్లిని చూసుకోవాలి, నానమ్మను చూసుకోవాలి, వంట చేయాలి. అమ్మ ఒక రోజు చెప్పింది, "ఇంక చాల్లేవే" అని. నేను ఏడవలేదు. ఏడ్చే తీరిక లేదు.

నెల రోజులు వెళ్లలేదు. ఒక మధ్యాహ్నం పెద్దసారు బడి పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నానమ్మ మంచం పక్కన నిలబడి, ఎలా ఉందని అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇన్ని రోజులు రాకపోతే పేరు కొట్టేయాలని, రూలు అలా ఉందని చెప్పాడు. ఎర్ర సిరా పెన్ను ఆయన జేబులో కనబడుతోంది. ఆయన కళ్లు నా కళ్లను చూడలేకపోతున్నాయి.

ఆ వేళకు నాకు ఇరవై దాకా కాదు, వంద దాకా లెక్క వచ్చు.

"నా పేరు తీసేస్తే ఎంతమంది ఉంటారు సార్?" అన్నాను.

ఆయన పుస్తకం తెరిచి, వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. నేను కూడా ఆయన వేలు వెంట లోలోపల లెక్కపెట్టాను.

"నలభై మూడు."

"అయితే కొట్టేయండి సార్" అన్నాను. గంజి పొంగుతుంటే పొయ్యి దగ్గరికి వెళ్లాను.